చావని గొర్రెలు: ఒక శాసన పత్రిక నిధుల డైరీ

2024 జూన్ 9

కోశాధికారి బాధ్యతతో పాటు రెండు రసీదు పుస్తకాలు, ఒక పాత లెడ్జరు, రబ్బరు బ్యాండు చుట్టిన బ్యాంకు పాస్‌బుక్కు ఈ రోజు నా చేతికి వచ్చాయి. మాది శాసనాలకూ స్థానిక చరిత్రకూ పరిమితమైన అర్ధవార్షిక పత్రిక. 1996లో కొందరు లెక్చరర్లు, బడి పంతుళ్లు కలిసి దీన్ని మొదలుపెట్టారు. డెమ్మీ సైజులో 96 పేజీలు, అంటే ఆరు ఫారాలు. శాసనాల అచ్చులు స్పష్టంగా రావాలి కాబట్టి మధ్యలో కొన్ని ఆర్టు పేపరు పేజీలు. మొత్తం 300 ప్రతులు.

రాత్రి కూర్చుని ఏడాది లెక్క తీశాను. రెండు సంచికల అచ్చుకు 54,000, డిటిపికి 8,000, కవర్లూ తపాలా కలిపి 10,000, వెబ్‌సైటుకు 6,000, ఆడిటరుకు 5,000. వెరసి 83,000 రూపాయలు. జమ వైపు చూస్తే 300 చొప్పున 70 మంది వార్షిక చందాదారుల నుంచి 21,000, ప్రకటనల మీద 12,000, ‘ముద్రణ సహాయం’ అనే పద్దు కింద మరో 21,000 ఉన్నాయి. తగ్గిన 29,000 ఎక్కడి నుంచి వస్తున్నదని అడిగితే, అధ్యక్షులైన మాస్టారు పెన్షనులోంచి ఇస్తున్నారని తెలిసింది. ఆ సంగతి లెడ్జరులో ఎక్కడా లేదు.

ఆయనకు నేను చెప్పినది ఒకటే: ‘మాస్టారూ, మీరు ఇవ్వడం తప్పని నేను అనడం లేదు, రాయకపోవడం తప్పంటున్నాను.’ కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం మీద వచ్చిన సొమ్ముతో పత్రికలు నిలబెట్టారన్నది తెలుగు దేశమంతా గర్వంగా చెప్పుకునే సంగతే. 1924లో మొదలైన భారతి 1991 దాకా నడవడానికి వెనుక అంత వ్యాపారం ఉంది. మా వెనుక ఉన్నది ఒక పెన్షను.

2024 జూన్ 23

లెడ్జరు వెనుక పేజీల్లో జీవిత చందాదారుల జాబితా దొరికింది. మొదటి పన్నెండేళ్లలో తలా వెయ్యి రూపాయల చొప్పున 214 మంది కట్టారు. ఆ 2,14,000 రూపాయలు ఏమయ్యాయన్నదానికి జవాబు పక్క పేజీలోనే ఉంది: వచ్చినవి వచ్చినట్లు అప్పటి సంచికల అచ్చుకు ఖర్చయ్యాయి. మోసం ఏమీ జరగలేదు. ప్రతి పైసాకూ ప్రెస్సు బిల్లు ఉంది. అయితే వచ్చిన సొమ్మును ఆదాయంగా చూశారే తప్ప అప్పుగా చూడలేదు. జీవిత చందా అంటే అప్పే. బతికి ఉన్నంత కాలం ఏడాదికి రెండు ప్రతులు ఇస్తామని రాసిచ్చిన ప్రామిసరీ నోటు అది.

ఇప్పటికీ సంచికలు వెళ్తున్న చిరునామాలు 131. ప్రతికి అచ్చు ఖర్చు 90, కవరుకూ తపాలాకూ 22, కలిపి 112. ఏడాదికి రెండేసి చొప్పున ఈ 131 మందికి అవుతున్నది 29,344 రూపాయలు. మాస్టారి జేబులోంచి వస్తున్న మొత్తానికి ఇది దాదాపు సరిసమానం. అసలు మొత్తాన్ని ముట్టకుండా బ్యాంకులో వేసి ఉంటే, ఏడు శాతం వడ్డీ మీద ఏడాదికి 14,980 వచ్చేది. సగం బరువు అదే మోసేది.

మేము అచ్చు వేసే శాసనాల్లోనే ఈ పాఠం ఉండటం నాకు నవ్వూ తెప్పించింది, సిగ్గూ తెప్పించింది. ద్రాక్షారామం శాసనాలు చదివినవారికి అఖండ దీపాల దానాలు కొత్త కాదు. దాత ఒక దీపానికి యాభై గొర్రెలో పాతిక ఆవులో ఇస్తాడు; వాటిని ఒక బోయ, అంటే మందల కాపరి, చేపట్టి, ఆచంద్రార్కంగా, తన తరువాత తన సంతతి కూడా, రోజూ మానెడు నెయ్యి కోవెలకు పోస్తానని ఒప్పుకుంటాడు. తమిళ శాసనాలు ఇలాంటి మందను ‘చావా మూవా పేరాడు’ అన్నాయి. అంటే చావనివీ ముదరనివీ అయిన గొర్రెలు. ఒక గొర్రె చస్తే ఈనిన పిల్లతో మంద లెక్క నింపాలి గాని, మందనే కోసుకు తినకూడదు. మేము దీపం వెలిగిస్తామని మాట ఇచ్చి, మొదటి పండుగకే మందను వండుకు తిన్నాము.

2024 ఆగస్టు 4

131 మందికీ ఉత్తరం రాశాము. ఏమీ దాచకుండా, మీ డబ్బు ఫలానా సంవత్సరాల అచ్చుకు ఖర్చయింది, మాట మాత్రం మాటే, అచ్చు ప్రతి కావాలంటే ఇప్పటిలాగే పంపుతాము, పీడీఎఫ్ చాలంటే మాకు కొంత ఊరట అని రాశాము. ‘జీవిత చందా పథకాన్ని రద్దు చేశాము’ అని రాస్తే సరిపోతుందని కార్యవర్గంలో ఒకరు సూచించారు. చాలా పత్రికలు అదే పని చేశాయి కూడా. నేను ఒప్పుకోలేదు. అప్పు తీర్చలేని వాడు అప్పిచ్చిన వాడి గుమ్మం ఎక్కి మాట్లాడాలి గాని, నోటు చింపేశానని కార్డు ముక్క రాయడం మర్యాద కాదు.

2024 సెప్టెంబరు 15

జవాబులు వచ్చాయి. 22 ఉత్తరాలు తిరిగి వచ్చాయి, 47 మంది పీడీఎఫ్ చాలన్నారు, 38 మంది అచ్చు ప్రతే కావాలన్నారు, 24 మంది ఉలకలేదు, పలకలేదు. పలకని వారిని అచ్చు కోరినవారిగానే లెక్కించాము. మౌనం మాకు అనుకూలంగా ఉందని అనుకోవడానికి మాకు హక్కు లేదు. కాబట్టి బాకీ ఉన్నవారు ఇక 62 మంది.

ఒక చందాదారుని కుమారుడు రాసిన ఉత్తరం మాత్రం మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. తండ్రి పోయి ఆరేళ్లయిందనీ, అప్పటి నుంచీ సంచికలు విప్పకుండానే పాత పేపర్ల వాడికి వేస్తున్నామనీ, చెప్పాలని తోచలేదు క్షమించమనీ రాశాడు. ఆరేళ్లు, పన్నెండు సంచికలు.

పీడీఎఫ్ కోరిన వారిలో 13 మంది అడగకుండానే డబ్బు పంపారు, మొత్తం 19,000. దాన్ని ఖర్చుల ఖాతాలో కలపకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్టు చేసి, వడ్డీ మాత్రమే వాడాలని తీర్మానం రాయించాను. పుస్తకంలో ఆ పద్దుకు ‘గొర్రెల ఖాతా’ అని పేరు పెట్టాను. ఆడిటరు అభ్యంతరం చెబితే మారుస్తాను.

2024 అక్టోబరు 6

‘ముద్రణ సహాయం’ సంగతి. వ్యాసం అంగీకరించాక రచయిత నుంచి 1,500 తీసుకోవడం కొన్నేళ్లుగా అలవాటయింది. ఏడాదికి 14 వ్యాసాలు, 21,000 రూపాయలు. పీహెచ్‌డీ సమర్పణకు ముందు పరిశోధనా వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తివేసినా, ప్రమోషన్ల లెక్కలు మాత్రం పోలేదు. అందుకే ఇప్పటికీ ఫోను ఎత్తగానే వినబడే మొదటి ప్రశ్న ‘ఎంత కట్టాలి సార్?’ అనే. శాసనం ఎక్కడ దొరికింది, ఎవరు చదివారు అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు.

మేము డబ్బు కోసం వ్యాసాలు అంగీకరించామని నేను చెప్పడం లేదు. కాని వ్యాసాన్ని తిప్పి పంపిన ప్రతిసారీ పత్రిక 1,500 పోగొట్టుకునే ఏర్పాటు మేమే చేసుకున్నాము. పరిశీలకుడు ఎంత నిక్కచ్చివాడైనా, సంపాదకుడు ఎంత నీతిపరుడైనా, డిసెంబరులో ప్రెస్సు బిల్లు బల్ల మీద ఉన్నప్పుడు ఆ వ్యాసాన్ని చూసే చూపు కొంచెం మెత్తబడుతుంది. పైగా తన ఊరి చెరువు గట్టు మీద శాసనం చదివి పంపే బడి పంతులు ఈ 1,500 దగ్గరే ఆగిపోతాడు. మాకు వచ్చిన మంచి వ్యాసాల్లో సగం అలాంటివారివే.

రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా రుసుము తీసుకోని పద్ధతిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రపంచంలో ఇలాంటి పత్రికలు 17,000 నుంచి 29,000 దాకా ఉంటాయని అంచనా కట్టింది. అది పరిశీలించిన పత్రికల్లో సగానికి పైగా ఏడాదికి పాతిక వ్యాసాల లోపు వేసేవే. అంటే మాలాంటి చిన్నవే. చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

వచ్చే సంచిక నుంచి రచయిత రుసుము లేదు. ఈ 21,000 గండి పూడ్చడానికి మొదటి మార్గం ఖర్చు తగ్గించడమే. ప్రతులు 300 నుంచి 180కి తగ్గిస్తున్నాము. అంత తక్కువకు ఆఫ్‌సెట్ గిట్టదు. డిజిటల్ ప్రింటులో ప్రతికి 105 పడినా, సంచికకు 27,000 బదులు 18,900 అవుతుంది. ఆన్‌లైన్‌లో ప్రతి వ్యాసానికీ శాశ్వత గుర్తింపుగా ఉండే డీఓఐ సంఖ్యల కోసం, వాటిని ఇచ్చే క్రాస్‌రెఫ్ సంస్థలో సభ్యత్వం తీసుకుందామనుకున్నాము గాని, ఏడాదికి 275 డాలర్లంటే దాదాపు 23,000 రూపాయలు. యూరప్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థ నడిపే జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో వ్యాసాలు చేర్చితే డీఓఐ ఉచితంగానే వస్తుంది. పత్రికల గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్ఎస్ఎన్‌కు ఢిల్లీలోని జాతీయ కేంద్రం రుసుమేమీ తీసుకోదు. ఆన్‌లైన్ రూపానికి వేరే సంఖ్య కావాలి కాబట్టి దరఖాస్తు పంపాము.

2024 అక్టోబరు 27

ప్రకటనల మీద ఈ రోజు మూడు గంటలు వాదించుకున్నాము. ఒక గ్రానైటు క్వారీ యజమాని వెనుక అట్ట మొత్తానికి ఏడాదికి 40,000 ఇస్తానన్నాడు. ఏ షరతూ పెట్టలేదు. మనిషి మర్యాదస్తుడు, కొడుకు చరిత్ర విద్యార్థి. మరో పక్క, వచ్చే సంచికకు అంగీకరించిన వ్యాసాల్లో ఒకటి మా జిల్లాలోని రాకాసి గూళ్ల గురించినది. ఆ బృహత్ శిలా సమాధుల్లో చాలా వాటిని క్వారీలూ కంకర క్రషర్లూ మింగేశాయని రచయిత ఫొటోలతో సహా చూపించాడు. వాటిలో ఈయన క్వారీ లేదు. ‘లేనప్పుడు మనకేమిటి?’ అన్నారు ఒకరు. ఈ ఏడాది లేదు; రాబోయే ఏడాది ఆయన కొండ మీదే ఒక శాసనం బయటపడితే, ఆ వ్యాసానికి ఎంత పదునుగా శీర్షిక పెట్టాలన్న దగ్గర మా చేయి తడబడుతుంది. మర్యాదగా వద్దన్నాము. ఆయన మాత్రం వార్షిక చందా కట్టాడు.

రెండో సంగతి ఇంతకంటే చిక్కు. ఒక కుల సంఘం ప్రత్యేక సంచికకు లక్ష రూపాయలు ఇస్తామని వచ్చింది. మధ్యయుగపు ఒక రాజవంశం తమదేనని ‘శాసనాధారాలతో’ రాయించాలన్నది కోరిక. ఈ తెలుగు నేల మీద శాసన పరిశోధకుడికి ఈ బేరం జీవితంలో ఒక్కసారైనా తగులుతుంది. బిరుదావళిలో ఒక మాటను పట్టుకుని వంశమంతా అల్లేసే వ్యాసాలకు ఉన్న గిరాకీ, పన్నుల పేర్లకూ కొలతల వివరాలకూ ఉండదు. దీనికి మాత్రం వాదన అవసరం కాలేదు. మాస్టారే లేచి కాఫీ తెప్పించి, వాళ్లను గేటు దాకా సాగనంపి వచ్చారు.

ఇకపై పుస్తక ప్రచురణకర్తల, పుస్తకాల దుకాణాల ప్రకటనలే తీసుకుంటాము.

2024 నవంబరు 17

అమెరికాలో స్థిరపడిన మా జిల్లా వైద్యుడొకాయన వెయ్యి డాలర్లు పంపుతానని రాశారు. మా ఏడాది ఖర్చు అటూ ఇటూగా తీరిపోయే మొత్తం. కాని ఆయన అక్కడి పౌరసత్వం తీసుకున్నారు, చేతిలో ఉన్నది ఓసీఐ కార్డు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ పౌరుడు ఇచ్చేది విదేశీ విరాళమే. రూపాయల్లో ఇచ్చినా, ప్రవాసులకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఇచ్చినా తేడా లేదు. అదే భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే దానికి ఈ నిబంధన వర్తించదు. విదేశీ విరాళం తీసుకోవడానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషను తీసుకుందామంటే, సంస్థకు మూడేళ్ల వయసుతో పాటు ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మా మూడేళ్ల ఖర్చు రెండున్నర లక్షలు.

‘హైదరాబాదులో మా తమ్ముడున్నాడు, వాడి పేరు మీద వేయిస్తాను’ అన్నారాయన, ఎంతో మామూలుగా. తమ్ముడు తన సొమ్ము ఇస్తే అది విరాళం. అన్న సొమ్మును తన పేరు మీద ఇస్తే అది దొంగదారి. ఫోనులో ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఈమెయిల్ రాశాను.

వ్యాపారరీతిలో ఇచ్చే వస్తువుకు తీసుకునే ధర విరాళం కిందికి రాదు కాబట్టి, అందరికీ ఉన్న ధరకే ఆయన చందా కట్టవచ్చు. వెయ్యి డాలర్ల చందా అని ఒకటి సృష్టిస్తే మళ్లీ మొదటికే వస్తాము. చివరికి ఆయన చందా కట్టి, అను ఫాంట్లలో ఉన్న పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చే పని మీద వేసుకున్నారు. మార్పిడి ఉపకరణాలు ఒత్తులను ఎక్కడెక్కడ చెడగొడతాయో ఆయనకు ఇప్పుడు నాకంటే బాగా తెలుసు.

2025 జనవరి 5

తపాలా. డిసెంబరు 18 నుంచి రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవను ఆపేశారు. పాత సంచికల కట్టలు పంపడానికి మాకున్న చవక మార్గం అదే. పత్రికగా రిజిస్టరు చేయించుకుంటే తపాలా రాయితీ వస్తుందని ఒకరు అన్నారు. 2024 మార్చి 1న అమలులోకి వచ్చిన కొత్త పత్రికల రిజిస్ట్రేషను చట్టం, విద్యా వైజ్ఞానిక పత్రికలను తన పరిధి నుంచే తప్పించింది. రిజిస్ట్రేషను బాదరబందీ లేదు, రాయితీ కూడా లేదు.

(మే నెలలో చేర్చిన మాట: మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100. పుస్తకాలకు మేలే గాని, నియమిత కాలంలో వెలువడే పత్రికలకు అది వర్తించదు.)

2025 ఏప్రిల్ 16

జనవరి నుంచి నడిపిన ప్రయోగం నిన్నటితో తేలింది. యాన్యువల్ రివ్యూస్ అనే సంస్థ 2020 నుంచి అనుసరిస్తున్న ‘సబ్‌స్క్రైబ్ టు ఓపెన్’ పద్ధతిని మా కొలతకు కుదించాము. గ్రంథాలయాలు ఎప్పటిలా చందా కడతాయి. అనుకున్న సంఖ్య పూర్తయితే ఆ ఏడాది సంచికలు ప్రపంచమంతటికీ ఉచితంగా తెరుచుకుంటాయి, లేకపోతే చందాదారులకే పరిమితమవుతాయి. మేము పది కళాశాలలు, ఒక్కొక్కటి 1,500 అని లక్ష్యం పెట్టుకుని, గడువు మార్చి 31 అని ప్రకటించాము.

కళాశాల గ్రంథాలయానికి విరాళం ఇచ్చే పద్దు ఉండదు, చందా కట్టే పద్దు ఉంటుంది; ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. లైబ్రేరియన్లు కోరినవి ఇన్వాయిసు, పాన్ నంబరు, బ్యాంకు వివరాలు. అచ్చు పత్రికల మీద జీఎస్టీ లేదని నాలుగు చోట్ల నాలుగు సార్లు వివరించాను. మార్చి 31 సాయంత్రానికి ఎనిమిది వచ్చాయి, రెండు ‘బిల్లు ట్రెజరీలో ఉంది’ అన్నాయి. గడువు దాటింది కాబట్టి మూసేయాలా, లేక చూసీ చూడనట్లు తెరవాలా? చూసీ చూడనట్లు తెరిస్తే వచ్చే ఏడాది ఏ కళాశాలా గడువును లెక్కచేయదు. ఏప్రిల్ 15 దాకా పొడిగించామని కారణంతో సహా బహిరంగంగా ప్రకటించాము. మొత్తం 11 వచ్చాయి. ఈ ఏడాది పత్రిక తెరుచుకుంది.

2025 జులై 20

దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చేలా చేసే 80జీ ధ్రువీకరణ చేతికి వచ్చింది. ఇక విరాళానికి ఒకటి, చందాకు ఒకటి, రెండు వేరు రసీదు పుస్తకాలు. చందాకు ప్రతిగా పత్రిక ఇస్తున్నాము కాబట్టి దానికి పన్ను మినహాయింపు రసీదు ఇవ్వకూడదు. ‘పెంచిన చందా నాలుగు వందలకే కదా’ అని అడిగిన ఆప్తమిత్రుడికీ ఇవ్వలేదు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు, కాబట్టి యూపీఐ గాని చెక్కు గాని అడుగుతున్నాము. దాతల వివరాల ఫారం 10బీడీని ఏటా మే 31లోగా దాఖలు చేయాలి. క్యాలెండరులో ఎర్ర సిరాతో రాశాను.

విరాళాలకు నియమాలు కూడా ఈ సంచిక లోపలి అట్ట మీద వేస్తున్నాము. ఒకరి నుంచి ఏడాదికి పది వేలకు మించి తీసుకోము. దాత పేరు, మొత్తం అచ్చు వేస్తాము. పేరు వద్దన్నవారి సొమ్ము వద్దంటాము. దాత రాసిన వ్యాసం వస్తే, పరిశీలన ముగిసేదాకా విరాళం సంగతి సంపాదకుడికి చెప్పకుండా నా దగ్గరే ఉంచుతాను. గుప్తదానం గొప్పదని మాస్టారు బాధపడ్డారు. గుడి హుండీకి అది గొప్పదే గాని, పత్రికలో ఎవరి సొమ్ము ఎవరి వ్యాసం వెనుక ఉందో పాఠకుడికి తెలియాలి.

ఆ నియమాలకు ప్రెస్సులో పెట్టిన పని పేరు ‘మోటుపల్లి’. 1244 నాటి మోటుపల్లి రేవు అభయ శాసనంలో కాకతీయ గణపతిదేవుడు, పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారనీ, తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాతి మీద చెక్కించాడు. తీసుకునేది ఎంతో ముందే చెప్పి, అందరూ చదివే చోట నిలబెట్టడం రేవు వర్తకానికి పనికొచ్చిందంటే మాకూ పనికొస్తుంది.

2025 అక్టోబరు 12

ప్రూఫులు చూసే అమ్మాయికి సంచికకు 3,000 ఇవ్వాలన్న నా ప్రతిపాదన ఎట్టకేలకు గట్టెక్కింది. ‘మనమంతా సేవాభావంతో చేస్తున్నాము కదా’ అన్నది ఎదురు వాదన. మనమంతా పెన్షను వచ్చేవాళ్లం. ఆమె ఎంఏ చదువుతూ హాస్టలు బిల్లు కట్టుకునే మనిషి. పాఠకుడికి ఉచితం, రచయితకు ఉచితం అని చెప్పుకుంటూ ఆ ఖర్చును ఆమె కళ్ల మీద వేయడం న్యాయం కాదు. ఇద్దరు వ్యతిరేకించారు, తీర్మానం నెగ్గింది.

2025 నవంబరు 23

రెండు సంచికల ఏడాది లెక్క, లోపలి అట్ట కోసం. ఖర్చు: అచ్చు 37,800, డిటిపి 8,000, ఒక్కో సంచికకు 140 ప్రతుల తపాలా 6,160, ప్రూఫులు 6,000, వెబ్‌సైటు 6,000, ఆడిటు 5,000, మొత్తం 68,960. జమ: 400కు పెంచిన వార్షిక చందా మీద 61 మంది నుంచి 24,400, గ్రంథాలయాల నుంచి 16,500, రెండు పుస్తకాల దుకాణాల ప్రకటనలు 6,000, తొమ్మిది మంది విరాళాలు 21,500, మొత్తం 68,400. ఆ తొమ్మిదిలో మాస్టారి పది వేలు ఉన్నాయి, ఈసారి పేరుతో సహా. చందా పెంచాక తొమ్మిది మంది మానేశారు. వారిలో ఇద్దరికి పీడీఎఫ్ లంకె పంపాము. గొర్రెల ఖాతా వడ్డీ ఇంకా చేతికి రాలేదు, కాబట్టి లెక్కలో వేయలేదు.

లోటు 560 రూపాయలు. రెండో ప్రూఫు పంపుతూ ఆ అమ్మాయి చందాదారుల జాబితా పక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టింది: కోశాధికారి పేరు లేదు. చూసుకుంటే నిజమే, ఈ ఏడాది నేను చందా కట్టలేదు. రేపు కట్టి, లోటును 160గా దిద్దించాలి.